బెల్లం మీద రాతిదుమ్ము

నా చిన్నప్పుడు మా ఇంట్లో బెల్లం మందులడబ్బాలో ఉండేది. అమ్మ దూది, అయోడిన్ సీసా పెట్టుకునే రేకుడబ్బాలో, పాత పేపరు ముక్కలో చుట్టి ఒక పక్కగా. అది మా చిన్నాయన కోసం. రాతిదుమ్ములో పనిచేసినవాడు పని దిగగానే నిమ్మకాయంత బెల్లం చప్పరిస్తే గొంతులో పట్టిన దుమ్మంతా దానితోపాటు కడుపులోకి జారిపోతుందని, కడుపులో పడ్డది తెల్లారి బయటికి పోతుందని మా దిక్కు రాతికూలీలందరి నమ్మకం. కరీంనగర్ క్వారీల్లో పనిచేసిన రోజుల్లో చిన్నాయన ఆ నమ్మకం పట్టుకున్నాడు. సౌదీకి వచ్చేటప్పుడు పాస్‌పోర్టుతోపాటు దాన్నీ తెచ్చుకున్నాడు. అమ్మ నర్సు. ఆమె కూడా ఎన్నడూ కాదనలేదు. తియ్యటి వస్తువే కదా, తింటే నష్టమేముంది అనుకుంది.

మేం అప్పుడు సౌదీలోని హుఫూఫ్‌లో ఉండేవాళ్ళం. ఊరి చివర, ఖర్జూరపు తోటలు అయిపోయి ఇసుక మొదలయ్యే చోట ఒక ఆసుపత్రి ఉండేది. అమ్మ అందులో నర్సుగా చేరితే, అదే ఆసుపత్రిలో బాపుకు జనరేటర్ మెకానిక్ పని దొరికింది. కాంపౌండులో మాకు రెండు గదుల ఇల్లు, వెనక చిన్న పెరడు ఇచ్చారు. నాకు పదేళ్ళు. బాపు తమ్ముడైన మా చిన్నాయన వేరే కంపెనీ వీసా మీద వచ్చాడు. రోడ్డుకు అవతల ఎవరో ధనవంతులు పెళ్ళిళ్ళ హాలు కట్టిస్తున్నారు. దాని ముఖద్వారానికి గ్రానైటు పలకలు కోయడం చిన్నాయన పని.

కటింగ్ మెషీను పొద్దున మొదలయ్యేది. ఆ చప్పుడుకు మేం త్వరగానే అలవాటు పడ్డాం. అలవాటు పడనిది ఆ తెల్లని పొగ. అది పైకి పోయేది కాదు, పక్కకూ పోయేది కాదు. పరంజాను పట్టుకుని అక్కడే వేలాడేది. గాలి మా వైపు తిరిగిన రోజు అమ్మ ఆరేసిన బట్టలమీద పిండి జల్లించినట్టు సన్నని పొర పడేది. అమ్మ వాటిని మళ్ళీ ఉతికేది. బట్టలమీద పడ్డది ఇంకెక్కడ పడుతోందని మా ఇంట్లో ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు.

శుక్రవారం సెలవు. చిన్నాయన మా ఇంటికి భోజనానికి వచ్చేవాడు, పోయేటప్పుడు వారానికి సరిపడా బెల్లం తీసుకుపోయేవాడు. ఆయన వెంట, కూలీల క్యాంపులో పక్కమంచం మీద పడుకుని అదే పని చేసే ఇంకొకాయన కూడా వచ్చేవాడు. ఆయనది ఆర్మూర్, నేను ఆర్మూర్ మామ అనేదాన్ని. ఇద్దరూ తలంటు పోసుకునే వచ్చేవాళ్ళు, అయినా కనురెప్పల వెంట్రుకల మొదట్లో తెలుపు మిగిలే ఉండేది. ముసలివాళ్ళ వేషం కట్టి కడుక్కోవడం మరిచిపోయారని నేను నవ్వేదాన్ని. ఆర్మూర్ మామ ఇంకా పెద్దగా నవ్వి, పౌడరు కొనే ఖర్చు మాకు లేదు బిడ్డా అనేవాడు. నవ్వు చివర ఇద్దరికీ దగ్గు వచ్చేది. ఆర్మూర్ మామది పైపై దగ్గు. చిన్నాయనది అట్లా ఉండేది కాదు. ఖాళీ డబ్బాలో గులకరాయి వేసి మెల్లగా ఊపినట్టు ఉండేది. అది వచ్చినప్పుడు ఆయన మాట ఆపి, గోడవైపు తిరిగి, అది అయిపోయేదాకా ఆగి, మళ్ళీ అదే మాట దగ్గర మొదలుపెట్టేవాడు.

మా పక్కింట్లో ఒక ముసలాయన ఉండేవాడు. నేను ఆయన్ని రాళ్ళ తాత అనేదాన్ని. ఆయన భార్య కెనడా నుంచి వచ్చిన నర్సు, అమ్మతోపాటు ఒకే వార్డులో పనిచేసేది. ఆయనకు మాత్రం ఆసుపత్రిలో పని లేదు. ఆయనది కెనడాకు బాగా ఉత్తరాన, చెట్టన్నది మొలవని సముద్రపు ఒడ్డు. కాంపౌండులో అందరూ ఆయన్ని ఎస్కిమో అనేవాళ్ళు. ఆ మాట ఆయనకు నచ్చదని, తమవాళ్ళు తమను ఇనుయిట్ అని చెప్పుకుంటారని ఆయన భార్య ఒకసారి అమ్మకు చెప్పింది. పొట్టి మనిషి, వెడల్పైన మొహం, ఎండకు సన్నబడిపోయే కళ్ళు. పుట్టినప్పటినుంచి మంచు చూసిన మనిషి అంత వేడిలో ఎట్లా ఉంటున్నాడని అందరికీ వింతే. అడిగితే, ఇక్కడా మా దగ్గరిలాగే చాలా దూరం కనబడుతుంది అనేవాడు. అంతకుమించి చెప్పేవాడు కాదు.

ఆయన శిల్పి. రాతిలో సీల్ జంతువులను, ఎలుగుబంట్లను, చేతిలో ఈటెతో వంగి నిలబడిన మనుషులను చెక్కేవాడు. వాళ్ళ ఊళ్ళో మగవాళ్ళలో సగం మంది అదే పని చేసేవాళ్ళట. కెనడా దక్షిణాన ఉన్న నగరాల్లో ఆ బొమ్మలు అమ్ముడుపోతాయి, అక్కడివాళ్ళు వాటిని అద్దాల బీరువాల్లో పెట్టుకుంటారు. మా దగ్గరికి వచ్చేటప్పుడు ఆయన తన రాయి ఒక పెట్టె నిండా తెచ్చుకున్నాడు. అది అయిపోయాక హుఫూఫ్ బజారుకు పోయి పగిలిపోయిన పాత రాతి ధూపదానులు, వంటకుండలు ఏరుకొచ్చేవాడు. ఆ పెంకుల్లోంచి సీళ్ళు పుట్టేవి. కొన్నింటి వీపులమీద పాత మంట మసి అట్లాగే ఉండేది.

మా స్నేహం ఒక రాతిముక్కతో మొదలైంది. ఆయన చెక్కుతుంటే పడ్డ పేడు ఒకటి తీసి నేను పెరట్లో సిమెంటు గచ్చు మీద అ, ఆ రాశాను. తెల్లగా, నున్నగా పడ్డాయి అక్షరాలు. అది మా బలపం రాయే. ఊళ్ళో మేం పలకల మీద రాసిన బలపం, ఆయన ఎలుగుబంటి, రెండూ ఒకే జాతి రాయి. ఆయన వంగి ఆ అక్షరాలను చాలాసేపు చూసి, దీంతో పిల్లలు రాస్తారా అని అడిగాడు. రాస్తారన్నాను. చిన్నప్పుడు నాకు ఎవరూ చెప్పలేదే అని నవ్వాడు. ఆయన ఇంగ్లీషు నెమ్మది. నా ఇంగ్లీషు కాంపౌండు బడిలో నేర్చుకున్న కాస్త ఇంగ్లీషు. అందుకే ఒకరి మాట ఒకరికి బాగా అర్థమయ్యేది.

ఆయన పనిచేసే చోటు నాకిప్పటికీ కళ్ళముందు ఉంది. వాళ్ళ కిటికీ ఏసీ నుంచి నీళ్ళు చుక్కచుక్కగా పడేవి. సరిగ్గా ఆ చుక్క కింద ఒక మొద్దు వేసి, దానిమీద రాయి పెట్టి, గాలి తన వీపుకు తగిలేటట్టు కూర్చునేవాడు. చుక్క పడుతుంటే ఆకురాయి ఆడించేవాడు. దుమ్ము లేచేది కాదు, బూడిదరంగు పాలలాగా మొద్దు మీదనుంచి కారేది. ఎందుకిట్లా అని అడిగితే రాయికి దాహమన్నాడు. నీళ్ళు ఇస్తే నీళ్ళు తాగుతుంది, ఇవ్వకపోతే పక్కనున్న మనిషి ఊపిరి తాగుతుంది అన్నాడు. నేను అది కథ అనుకున్నాను.

సీల్ పూర్తయిన రోజు ఆయన ఇంకో పని చేసేవాడు. వేలు నీళ్ళలో ముంచి దాని మూతి మీద ఒక చుక్క వేసేవాడు. ఉప్పు సముద్రంలో బతికే జంతువు ఎప్పుడూ దాహంతోనే ఉంటుందట. వేటలో చంపినదాని నోట్లో మంచినీళ్ళు పోయడం వాళ్ళ ఆచారం. పోయనివాడి దగ్గరికి ఇంకో సీల్ రాదు. మా నాయనమ్మ పోయేటప్పుడు నోట్లో తులసినీళ్ళు పోయడం నేను చూశాను. ఆ మాట ఆయనకు చెప్పాను. ఆయన తలూపి, అందరికీ తెలిసిన సంగతే అన్నమాట అన్నాడు.

తన అన్న గురించి ఒకే ఒకసారి చెప్పాడు. అన్న తనకంటే మంచి పనివాడు. వాళ్ళ ఊళ్ళో చలికాలం బయట నీళ్ళు వాడలేరు, వేలికి తగిలేలోపల గడ్డకడతాయి. పాతవాళ్ళు గాలికి వీపు పెట్టి బయటే చెక్కేవాళ్ళు, దుమ్మును గాలి తీసుకుపోయేది. తరవాత కరెంటు వచ్చింది, కరెంటు గ్రైండర్లు వచ్చాయి. అన్న చెక్కల కొట్టం వేసి, చలి రాకుండా సందులన్నీ మూసి, లోపల కూర్చుని చెక్కాడు. నాలుగు చలికాలాలు. ఆ తరవాత ఏమైందో ఆయన చెప్పలేదు. లేచి ఏసీ కింది బకెట్టు ఒంపి మళ్ళీ పెట్టాడు.

ఇక ఆ శుక్రవారం. ఊరినుంచి వచ్చినవాళ్ళెవరో చిన్నాయనకు ఒక ఫోటో తెచ్చి ఇచ్చారు. చిన్నమ్మ ఒడిలో మూడు నెలల పాప. చిన్నాయన తన కూతుర్ని చూడడం అదే మొదలు. అమ్మ పాయసం చేసింది. పెరట్లో చాప పరిచి అందరం నీడకు కూర్చున్నాం. ఫోటో చేతులు మారుతోంది. ముక్కు చిన్నాయనదని బాపు, కాదు దేవుడి దయవల్ల చిన్నమ్మదని అమ్మ వాదించుకుంటున్నారు. రాళ్ళ తాత భార్య డ్యూటీకి పోవడంతో అమ్మ ఆయనకూ పాయసం పంపబోయింది, ఆయనే గిన్నె పట్టుకుని వచ్చి మాతో కూర్చున్నాడు. ఆయన మెళ్ళో తాడుకు కట్టిన గోధుమరంగు బిళ్ళ చూసి, ఏ దేవుడిదని ఆర్మూర్ మామ అడిగాడు. దేవుడిది కాదు. వాళ్ళ పేర్లు రాసుకోవడం చేతకాక ఒకప్పుడు ప్రభుత్వం వాళ్ళ జాతివాళ్ళందరికీ నంబర్లు వేసి అట్లాంటి బిళ్ళలు ఇచ్చిందట. ఆయన బొమ్మల అడుగున కూడా చాలాకాలం ఆ నంబరే చెక్కాడు. నేను అది తెలుగులో చెప్పగానే చిన్నాయన జేబులోంచి ఇకామా, సౌదీలో ఉండనిచ్చే గుర్తింపు కార్డు, తీసి దానిమీది నంబరు చూపించాడు.

"నీకు మెడల, నాకు జేబుల. గంతే తేడా తాతా."

అది నేను చెప్పాక ముసలాయన నవ్వాడు, చిన్నాయనా నవ్వాడు. నవ్వు చివర దగ్గు వచ్చింది. చిన్నాయన గోడవైపు తిరిగాడు.

ముసలాయన గిన్నె కింద పెట్టాడు. ఆ మొహంలో అంతకుముందున్నది ఏదీ మిగలలేదు. లేచి చిన్నాయన వెనకాల మోకాళ్ళ మీద కూర్చుని, అడగకుండానే ఆయన వీపుకు చెవి ఆనించాడు. ఒక చోట, తరవాత కొంచెం కింద, తరవాత పక్కన. మంచులో సీల్ ఊపిరి తీసుకునే కన్నం దగ్గర గంటలకొద్దీ కదలకుండా చెవి ఒగ్గి వినేవాణ్ణని ఆయన చెప్పి ఉన్నాడు. ఇప్పుడు కూడా అట్లాగే విన్నాడు. పాయసం తింటున్నవాళ్ళం చెంచాలు ఆపి చూస్తున్నాం. ఆర్మూర్ మామ నాకు కన్నుగీటాడు.

తాత లేచి నావైపు తిరిగాడు. మెల్లగా, ఒక్కో మాట విడివిడిగా చెప్పాడు.

"మా అన్న రొమ్ములో విన్న చప్పుడు ఇతని రొమ్ములో ఉంది. మా అన్న బతకలేదు. పొడిరాయి కోయడం ఆపకపోతే ఇతనూ బతకడు. ఇది ఇతనికి చెప్పు. ఏమీ తగ్గించకు."

నాకు అంతా అర్థమైంది. ఏదో మాట తెలియక తడబడ్డానని తరవాత ఎన్నోసార్లు నన్ను నేను నమ్మించుకోబోయాను. అది నిజం కాదు. ప్రతి మాటా తెలుసు. చిన్నాయన నావైపు చూస్తున్నాడు, చేతిలో ఫోటో ఉంది. పెద్దవాళ్ళలో ఇంగ్లీషు వచ్చిన అమ్మ ఒక్కతీ ఇంకొంచెం పాయసం తేవడానికి లోపలికి పోయింది.

"ఏమంటుండు బిడ్డా తాత?"

నీళ్ళు ఎక్కువ తాగమంటున్నాడు అన్నాను.

అందరూ ఊపిరి పీల్చుకున్నారు. గింతేనా అన్నాడు ఆర్మూర్ మామ. గా ముసలాయన చెవుపెట్టి వింటుంటే నా పానమే పోయిందన్నాడు. ఆయన ఆ రోజు క్యాంపులో వంట వంతు ఉందని తొందరగా లేచాడు. పోతూ పోతూ కుండలోంచి రెండు గ్లాసుల నీళ్ళు గటగటా తాగి, చూడు నేను మాట వింటానని నాకు చూపించి, గేటు దాటాడు. క్యాంపు పికప్ బండి ఆయన్ని ఎక్కించుకుని వెళ్ళిపోయింది. ఆ బండి లేపిన దుమ్ము రోడ్డు మీద చాలాసేపు ఆగింది. నాకు ఆ దుమ్ము ఇప్పటికీ కనబడుతుంది.

తాత చిన్నాయన మొహాన్నే చూస్తున్నాడు. తరవాత నన్ను చూశాడు. చిన్నాయన బెల్లం దేంట్లో ఉంటుందో, ఎందుకు తింటాడో నేను ఆయనకు ఎప్పుడో చెప్పి ఉన్నాను. అమ్మ దగ్గరికి పోయి మందులడబ్బా చూపించి చెయ్యి చాపాడు. అమ్మకు అర్థం కాలేదు, డబ్బా తెరిచింది. ఆయన పేపరు పొట్లం విప్పి బెల్లంముక్క తీసుకున్నాడు. హుఫూఫ్ ఉక్కకు అది చెమ్మగిల్లి జిగటగా మెరుస్తోంది. దాన్ని ఒక స్టీలు పళ్ళెంలో పెట్టి తన పెరట్లో మొద్దుకు మూరెడు దూరంలో ఉంచాడు. ఏసీ ఆపేశాడు. చుక్క ఆగిపోయింది. నన్ను గాలికి ఎగువన దూరంగా నిలబెట్టి కదలొద్దన్నాడు. చిన్నాయన్ని నా పక్కన ఉంచాడు. తడిగుడ్డ ఒకటి తన ముక్కుకు కట్టుకుని, ఎండిన ధూపదాని పెంకు ఒకటి తీసి రంపంతో కోయడం మొదలుపెట్టాడు.

ఆయన పొడిరాయి కోయగా నేను అంతకుముందు చూడలేదు. ఏటవాలు ఎండలో దుమ్ము లేచింది. ముందు ఆయన చేతులు కనబడ్డం మానేశాయి, తరవాత మొహం. చప్పుడు ఒకటే వినబడుతోంది. ఎంతసేపో చెప్పలేను. పొద్దు వాలేముందు అసర్ నమాజుకు పిలుపు వచ్చేదాకా కోశాడు. మధ్యలో రెండుసార్లు ఆగి దగ్గాడు. ఆ దగ్గు నేను ఎరిగినదే. డబ్బాలో గులకరాయి. ఆయనలోనూ అదే ఉందని నాకప్పుడు తెలిసింది.

రంపం కింద పెట్టి, పళ్ళెం తెచ్చి, రెండు చేతులతో చిన్నాయన ముందు పట్టాడు. బెల్లం రంగు ఎక్కడా లేదు. సున్నం కొట్టిన ముద్దలాగా ఉంది. తినమని సైగ చేశాడు.

చిన్నాయన నవ్వుతూ బొటనవేలితో తుడవబోయాడు. దుమ్ము రాలేదు. జిగటతో కలిసి బురదై వేలికి అంటుకుంది. ఇంకో పక్క తుడిచాడు, అక్కడా బురదే.

"గిదెట్ల తింటరే?" అన్నాడు, ఎవరితోనో.

తాత తన అరచేయి ముందు తన రొమ్ముమీద, తరవాత చిన్నాయన రొమ్ముమీద పెట్టాడు. లోపల కూడా తడే, లోపల కూడా ఇట్లాగే అంటుకుంటుంది, తుడవడానికి అక్కడ వేలు పోదు అన్నాడు. తరవాత నాతో చెప్పాడు.

"నేను ఇందాక చెప్పింది విన్న మనిషి నవ్వడు. ఇప్పుడు చెప్పు."

చెప్పాను. మొదటినుంచి చివరిదాకా, ఆయన చెప్పిన వరసలోనే. చెబుతూ ఏడ్చాను. బాపు గోడ పక్కన నిలబడే విన్నాడు. అమ్మ గుమ్మంలో నిలబడి పైటకొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. చిన్నాయన ఏడవలేదు. జేబులోంచి ఫోటో తీశాడు. ఆ వేలికి బురద ఉందని చూసుకుని, మళ్ళీ లోపలే పెట్టేశాడు.

ఆ తరవాతి రోజులు మా ఇంట్లో నీళ్ళ చుట్టే గడిచాయి. రాయి మీద నీళ్ళు పోసుకుంటామని చిన్నాయన ఫోర్‌మన్‌ను అడిగాడు. ట్యాంకర్ నీళ్ళు కాంక్రీటు తడపడానికే చాలడం లేదు, రాయికి పోస్తావా అని అతను ఉర్దూలో గదమాయించాడు. పని మానేద్దామంటే వీసా ఇచ్చిన యజమాని, కఫీల్ దగ్గర పాస్‌పోర్టు ఉంది, ఒప్పందం ఇంకా ఏడాదిన్నర ఉంది. చివరికి చిన్నాయన, ఇంకో ఇద్దరూ కలిసి క్యాంపు గదుల ఏసీల కింద నెయ్యి డబ్బాలు పెట్టడం మొదలుపెట్టారు. తెల్లారేసరికి అవి నిండేవి. డబ్బా అడుగున మేకుతో చిల్లి పొడిచి, బ్లేడు మీద చుక్క పడేటట్టు పైన కట్టుకున్నారు. కరెంటూ నీళ్ళూ ఒకచోట పెడితే దుమ్ముకంటే ముందు అదే చంపుతుందని బాపు భయపడ్డాడు. రెండు శుక్రవారాలు వాళ్ళ మెషీన్ల దగ్గరే కూర్చుని, వైర్లు మార్చి, ఎర్తు వేసి, షాకు కొడితే దానంతటదే ఆగిపోయే స్విచ్చి బిగించాడు.

ఆర్మూర్ మామ మాత్రం డబ్బా పెట్టలేదు. బెల్లం సంగతంతా చిన్నాయన ఆయనకు చెప్పాడట. ఆయన నమ్మలేదు. ముసలాయన నిజంగా అంత మాట అని ఉంటే పిల్ల అప్పుడే చెప్పేది కదా, మీరంతా కూర్చుని భయం పెంచుకున్నారు అన్నాడట. తరవాతి శుక్రవారం వస్తూ చేతిలో రెండు లీటర్ల సీసా పట్టుకొచ్చి నాకు చూపించాడు.

"సూడు బిడ్డా, నువ్వు జెప్పినట్టె తాగుతున్న. నీ మాట తప్పుతలేను."

నేను ఆయనకు నిజం చెప్పాను. చెప్పలేదని కాదు. తాత వేరే మాట అన్నాడని, నేనే మార్చానని, పని ఆపకపోతే చచ్చిపోతారన్నాడని చెప్పాను. ఆయన నా తలమీద చెయ్యివేసి, పెద్దోళ్ళు నిన్ను మస్తు బెదిరించిన్రు, నువ్వు భయపడకు అని నన్నే ఓదార్చాడు. సీసా ఎత్తి తాగాడు. జేబులోంచి బెల్లం తీసి సగం నాకు పెట్టాడు.

ఎన్నో ఏళ్ళ తరవాత నేను దినపత్రికలో చేరాను. ఇరవై ఎనిమిదేళ్ళు డెస్కులో పనిచేశాను. మొదటి పేజీలో తప్పు వేస్తాం, మూడోరోజు లోపలి పేజీలో చిన్న అక్షరాలతో సవరణ వేస్తాం. తప్పును చదివినవాళ్ళలో పదోవంతు కూడా సవరణ చదవరు. చదివినా ముందు చదివిందే నిజమనిపిస్తుంది వాళ్ళకు. కొత్తగా చేరిన పిల్లలు దీన్ని నేర్చుకోవడానికి చాలాకాలం పడుతుంది. నాకు మాత్రం ఆ సీసా చాలింది.

రెండో ఎండాకాలం నడుస్తుండగా ఆర్మూర్ మామ క్యాంపు మెట్లు ఎక్కలేకపోయాడు. అమ్మ వార్డుకే తీసుకొచ్చారు. నేను చూడడానికి పోయినప్పుడు మంచం మీద కూర్చునే ఉన్నాడు, పడుకుంటే ఊపిరి ఆడడం లేదట. పక్కన బల్లమీద నీళ్ళ సీసా ఉంది. నన్ను చూసి దానివైపు వేలు చూపించి నవ్వబోయాడు. మళ్ళీ రానక్కరలేదని వీసా మీద ఫైనల్ ఎగ్జిట్ కొట్టి ఇంటికి పంపారు. చలికాలం రాకముందే పోయాడని ఊరినుంచి కబురు వచ్చింది.

రాళ్ళ తాత కూడా ఆ ఏడాదే వెళ్ళిపోయాడు. ఆయన భార్య ఒప్పందం ఇంకా ఉంది, అయినా ఆయన్ని చల్లగాలికి తీసుకుపోవాలని మానేసింది. సామాన్లు కట్టేనాడు నేను పెరటిగోడ దగ్గర నిలబడి ఆర్మూర్ మామ సంగతి చెప్పాను. తిడతాడనుకున్నాను. తిడితే బాగుండేది. ఆయన మొద్దు మీద కూర్చున్నాడు. తరవాత తన అన్న కథలో మిగిలిన భాగం చెప్పాడు. ఒక వేసవిలో ఓడమీద డాక్టరు వచ్చి అన్న రొమ్ముకు ఎక్స్‌రే ఫోటో తీశాడు. డాక్టరుకు వాళ్ళ భాష రాదు. ఊళ్ళో కాస్త ఇంగ్లీషు తెలిసినవాడు తానే. డాక్టరు చెప్పిన మాట తాను అన్నకు చెప్పాలి. కొన్నాళ్ళు విశ్రాంతి తీసుకోమన్నారని చెప్పాడట. అన్న ఓడ కనబడినంతసేపు విశ్రాంతి తీసుకుని, అది పోగానే కొట్టంలోకి వెళ్ళాడు.

అందుకే ఆ రోజు చిన్నాయన మొహం చూడగానే నేనేం చేశానో ఆయనకు తెలిసిపోయింది. అందుకే నన్ను ఒక్కమాట అనకుండా, తనకు మిగిలిన ఊపిరిలో కొంత ఖర్చుపెట్టి ఆ బెల్లాన్ని తెల్లగా చేశాడు.

పోయేటప్పుడు ఒక సీల్ ఇచ్చాడు. ఆనాడు పొడిగా కోసిన పెంకులోంచి చెక్కినదే. వీపు మీద మసి ఉంది. అడుగున ఆయన నంబరు, దాని పక్కన వంకరటింకరగా ఒక 'అ'. గచ్చు మీద నేను రాసింది చూసి గుర్తుపెట్టుకున్నట్టున్నాడు. మరుసటి ఏడు ఆయన భార్య అమ్మకు ఉత్తరం రాసింది. ఉత్తరం ఎందుకొచ్చిందో విప్పకముందే మాకు తెలుసు.

చిన్నాయన ఒప్పందం పూర్తిచేసుకుని ఇంటికి చేరాడు. మళ్ళీ రాయి ముట్టలేదు. మేకలు పెంచాడు. గుట్ట ఎక్కలేకపోయేవాడు, మేకలే ఆయన కోసం కింద ఆగేవి. కూతురి పెళ్ళి చేశాడు, మనవళ్ళను చూశాడు. ఆరేళ్ళ కింద పోయాడు. ఆయన బతికాడని అందరూ నాకు చెబుతారు. అవును, బతికాడు. రెండోసారి చెప్పింది విన్నాడు కాబట్టి బతికాడు. మొదటిసారి చెప్పింది మాత్రమే నమ్మినాయన పోయాడు. ఆ రెండు మాటలూ నా నోటినుంచి వచ్చినవే.

ఇప్పుడు నేను మళ్ళీ హుఫూఫ్‌లోనే ఉన్నాను. నా కూతురు ఇక్కడ ఫార్మసిస్టు, ఆమె దగ్గరికి వచ్చి మూడో నెల. ఖర్జూరపు తోటలు వెనక్కి జరిగాయి, ఇసుక ఇంకా వెనక్కి జరిగింది. పెళ్ళిళ్ళ హాలు ఉన్నచోట ఇంకేదో ఉంది. నా కిటికీ పక్కన బల్లమీద ఆ సీల్ ఉంటుంది. పొద్దున్నే దాని మూతికి ఒక చుక్క నీళ్ళు పెడతాను.

పోయిన వారం పక్క ప్లాటులో కొత్త దుకాణానికి పలకలు వేయడం మొదలైంది. బాల్కనీలో కూతురి బట్టలు ఆరేసి ఉన్నాయి. తీయబోతే చేతికి తెలుపు అంటింది. అది రుద్దిచూసుకున్నాను. చెప్పులు వేసుకుని కిందికి దిగాను.

కోస్తున్న అతనికి పాతికేళ్ళు ఉండొచ్చు. మాస్కు ఉంది, గడ్డం కిందికి జారి ఉంది. మెషీను కింద నీళ్ళ తొట్టి ఉంది, ఎండి పగుళ్ళు పట్టి ఉంది. తెలుగులో పలకరిస్తే ఆపి నవ్వాడు. నిర్మల్ దిక్కట. కనురెప్పల మొదట్లో తెలుపు. దుమ్ము సంగతి ఎత్తగానే, నన్ను సముదాయించడానికన్నట్టు జేబు తట్టి చూపించాడు.

"ఏం గాదు పెద్దమ్మా. దినాం బెల్లం తింటున్న."

ఆ జేబులో ఏముందో నేను చూడనక్కరలేదు. నలభై ఏడేళ్ళుగా నాతో ఉన్న మాటలు అవే వరసలో నోట్లోకి వచ్చాయి. మా ఇంట్లో ఒకాయన రొమ్ములో ఒక చప్పుడు ఉండేదని, అట్లాంటి చప్పుడున్నవాళ్ళను ఇంకో ఇద్దర్ని ఎరుగుదునని, వాళ్ళు బతకలేదని, పొడిరాయి కోయడం ఆపకపోతే నువ్వూ బతకవని చెప్పాను. ఏమీ తగ్గించలేదు. చెప్పి, అతని మొహంకేసి చూస్తూ నిలబడ్డాను.

అతను నవ్వలేదు. అది చూశాకే తొట్టిలో పోయడానికి నీళ్ళు తేవడానికి మెట్లెక్కాను.